చెరువు పక్కన చిన్న పార్కు: ముందు నీళ్ల సంగతి, తర్వాతే బెంచీలు

దేవరకొండ నుంచి నారాయణపేట దాకా ఊళ్లవాళ్లు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మా చెరువు దగ్గర కూడా ఒక చిన్న పార్కు పెట్టుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" మహబూబ్‌నగర్ పెద్ద చెరువు మినీ ట్యాంక్‌బండ్‌ను చూసి ముచ్చటపడినవాళ్లు కొందరు. నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయ సముద్రం కట్ట మీద సాయంత్రం గాలికి తిరిగి వచ్చినవాళ్లు మరికొందరు. అడిగేవాళ్ల చేతిలో అప్పటికే బెంచీల ధరల పట్టీ ఉంటుంది. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మాత్రం ఎవరూ చూసి ఉండరు.

ఇక్కడ చెప్పేది ఇరవై గుంటలకు మించని పార్కు గురించి. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇళ్లకు వెళ్లిపోయే మనుషులు, ఒక పూట కూర్చునే కుటుంబాలు, సెలవు రోజు పిల్లలు. రాత్రి బస, హోటలు, పెద్ద పడవలు ఇందులో లేవు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- గ్రామ నక్షా, చెరువు సర్వే నంబరు, శిఖం భూమి (చెరువు నిండితే మునిగే నేల) విస్తీర్ణం చూపే కాగితం
- గ్రామ పంచాయతీ తీర్మానం; నీటిపారుదల శాఖ నుంచి నిరభ్యంతర పత్రం
- నీళ్లు ఎక్కని గట్టి నేల, పది నుంచి ఇరవై గుంటలు
- మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన నీటి గొట్టం, కొయ్య మేకులు, రంగు పూసిన రాళ్లు
- మిషన్ భగీరథ నల్లా కనెక్షన్
- నెల జీతం మీద ఒక కాపలాదారు
- ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆగే ఓపిక

చివరి రెండూ లేకపోతే మిగతావి కొనకండి. కట్టడానికి డబ్బు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, ప్రారంభోత్సవానికి శిలాఫలకం కూడా వస్తుంది. ఊడ్చేవాడికి జీతం ఇచ్చే దాత మాత్రం దొరకడు. కాబట్టి ఆ జీతం ఏ పద్దు నుంచి వస్తుందో తీర్మానంలోనే రాయించండి.

1. నీళ్ల హద్దు గుర్తించండి

చెరువు నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు అలుగు. దాని పై అంచు ఏ ఎత్తులో ఉంటుందో, నిండిన చెరువు చుట్టూ నీళ్లు ఆ ఎత్తుకే వచ్చి నిలుస్తాయి. దీన్నే పూర్తి నీటిమట్టం అంటారు. అధికారుల నోట అది ఎఫ్‌టీఎల్. అయితే పెద్ద వానకు అలుగు దూకుతున్నప్పుడు నీళ్లు ఆ అంచుకు పైన కూడా నిలుస్తాయి. చెరువును బట్టి ఒక అడుగు కావచ్చు, మూడు అడుగులు కావచ్చు. మీ పార్కు నేల ఆ రెండో మట్టానికి పైన ఉండాలి.

హద్దు పట్టుకునే దారులు మూడు. సులువైనది: అలుగు పారుతున్న రోజునే నీటి అంచు వెంట నడిచి, ముప్పై అడుగులకు ఒక రంగురాయి పాతండి, ఫోనులో ఫొటోలు తీసుకోండి. మరునాటికి నీళ్లు తగ్గిపోవచ్చు, వాయిదా వేయకండి. రెండోది: చెరువు నిండని ఏడాది అయితే నీటి గొట్టంతో అలుగు మట్టాన్ని మేకు నుంచి మేకుకు మోసుకుంటూ పార్కు స్థలం దాకా తీసుకురండి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా మట్టం తప్పుతుంది. సరిచూసుకోవడానికి అదే దారిలో కొలుస్తూ తిరిగి అలుగు దగ్గరికి వెళ్లండి. అంగుళానికి మించి తేడా వస్తే మళ్లీ మొదలు. మూడోది: నీటిపారుదల శాఖ దగ్గర మీ చెరువు ఎఫ్‌టీఎల్ పటం ఉంటే అడిగి నకలు తీసుకోండి. పటం ఉన్నా రాళ్లు పాతడం మానకండి, పటాన్ని చూసి ఎవరూ మట్టి పోయడం ఆపరు.

మన వైపు వాన తక్కువ. ఒక్కో చెరువు వరసగా కొన్నేళ్లు నిండదు. ఆ ఎండిన ఏళ్లలోనే "ఇక్కడికి నీళ్లు ఎప్పుడొచ్చాయి?" అంటూ గోడలు లేస్తాయి. ఊళ్లో పెద్దవాళ్లను, చెరువు నీళ్లు వదిలే నీరటిని పిలిచి 2009 అక్టోబరు వరదల్లో, 2020 అక్టోబరు వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. వాళ్లు చేత్తో చూపించిన చోటు మీ గొట్టం లెక్కకంటే పైన ఉంటే వాళ్ల మాటే తీసుకోండి.

హద్దు దాటాక కొంత జాగా వదలాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలమంటాయి. ఆ పట్టీలో చెట్లు, నడకదారి ఉండవచ్చు, గదులు ఉండకూడదు. మీది మారుమూల పల్లె అయినా ఇదే కొలత పాటించండి.

2. ఇప్పటికే ఆ చెరువును వాడుకుంటున్నవాళ్లను పిలవండి

ఖాళీ చెరువు అంటూ ఏదీ లేదు. మత్స్యకారుల సంఘం వల వేస్తుంది. ఆయకట్టు రైతులకు తూము దగ్గరికి దారి కావాలి. రజకులకు బండలు ఉన్నాయి. గొర్రెలు, బర్రెలు నీళ్లకు దిగే రేవు ఉంది. కట్ట మైసమ్మకు బోనాల నాడు ఊరంతా వస్తుంది. వీళ్లందరినీ నక్షా చుట్టూ కూర్చోబెట్టి ఎవరి దారి ఎక్కడో పెన్సిలుతో గీయించండి. మిగిలిన జాగాయే మీ పార్కు.

ఈ మెట్టు దాటేసిన చోట ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు: కంచె వేసిన వారానికే ఎవరో ఒకరు తెంపుతారు. తప్పు వాళ్లది కాదు. పశువుల దారికి అడ్డంగా గేటు పెట్టకండి. పెట్టక తప్పకపోతే పక్కన పన్నెండు అడుగుల దారి వదలండి.

3. కాగితాలు

తీర్మానం, నిరభ్యంతర పత్రం, చేపల సంఘం సమ్మతి. మూడూ రాతపూర్వకంగా ఉండాలి, ఒకే ఫైలులో ఉండాలి. శిఖంలో పట్టా భూములుంటే సర్వేయర్‌తో హద్దులు వేయించాకే ముందుకు వెళ్లండి.

4. చోటు ఎంచుకోండి

అందరి చూపూ కట్ట నడుమ మీద పడుతుంది, ఎందుకంటే అక్కడి నుంచి చెరువు బాగా కనిపిస్తుంది. పార్కుకు తగిన చోటు మాత్రం కట్ట చివర, అది సహజమైన గట్టు నేలను కలిసే దగ్గర. నేల గట్టిది, నీళ్ల వైపు వాలు తక్కువ, బండ్లు ఆపడానికి జాగా దొరుకుతుంది. కట్టకు రెండు చివరలుంటాయి కదా. అలుగు లేని చివరను తీసుకోండి. అలుగు కింద ఎండాకాలంలో కనిపించే చదునైన ఇసుక నేల పార్కుకు చేసి పెట్టినట్టే ఉంటుంది. అది వాగు దారి. అక్కడ ఉయ్యాల కూడా పెట్టకండి.

ఊరి మురుగు కాలువ చెరువులోకి ఎక్కడ దిగుతుందో చూడండి. నీళ్ల మీద గుర్రపు డెక్క పరుచుకుని ఉంటే మురుగు చేరుతున్నట్టే లెక్క. డెక్కను ఎన్నిసార్లు తీయించినా మురుగు ఆగనంత కాలం అది తిరిగి వస్తుంది, వాసనా దోమలూ వెంట వస్తాయి. ఆ పరిస్థితిలో పార్కు డబ్బును మురుగు మళ్లించడానికి, ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలకు ఖర్చు పెట్టండి. పార్కు రెండేళ్లు ఆగినా ఫరవాలేదు.

5. కట్ట జోలికి వెళ్లకండి

ఈ ఒక్క మెట్టు తప్పితే పార్కుతో పాటు ఆయకట్టూ పోతుంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. చెరువు కట్ట మట్టిది. ఉదయ సముద్రం కట్ట కందూరు చోడ రాజుల కాలం నుంచి నీళ్లు ఆపుతూ వస్తోంది. అదే మట్టికట్ట మరోచోట ఒక్క పూటలో పోవచ్చు. 1949లో శంకుస్థాపన జరిగి 1959లో ప్రారంభమైన వనపర్తి జిల్లా సరళాసాగర్ ప్రాజెక్టు, నీళ్లు నిండగానే తనంతట తానే వదిలే సైఫన్లతో పేరు తెచ్చుకుంది. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగి నీళ్లన్నీ వెళ్లిపోయాయి.

కట్ట మీద చేయకూడనివి:

- గుంతలు తవ్వి స్తంభాలు పాతడం. దీపాలు కావాలంటే కట్ట అడుగు దాటి గట్టి నేల మీద నిలబెట్టండి.
- చెట్లు నాటడం. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి లోపల సొరంగాలు మిగులుతాయి, నీళ్లు ఆ దారి పడతాయి. మైసమ్మ దగ్గరి పాత వేపచెట్టును తొందరపడి పెకలించకండి, అది ఇంకా ప్రమాదం. కొత్తవి మాత్రం వద్దు. సర్కారు తుమ్మ మొలకలను చిన్నగా ఉండగానే తీసేయండి.
- వాలు మీద పచ్చిక పెంచి రోజూ తడపడం. కట్ట వెనుక వాలు ఎప్పుడూ తడిగా ఉంటే, చెరువు నీళ్లు ఊటగా బయటికి వస్తున్నా మీకు తెలియదు. వానకు పెరిగే గరిక చాలు.
- తినుబండారాల బండ్లు నిలపడం. మిగిలిన తిండికి పందికొక్కులు వస్తాయి, అవి కట్టలోనే కలుగులు చేస్తాయి.
- చెరువులో నీళ్లు ఎక్కువ కనిపించాలని అలుగు మీద ఇసుక బస్తాలు, సిమెంటు వరసలు వేయడం. పై రైతు పొలం మునుగుతుంది, కట్ట మీద బరువు పెరుగుతుంది.

కట్ట మీద నడక మంచిదే. మొరం దారి సరిపోతుంది. కార్లు, బైకులు ఎక్కకుండా రెండు చివరలా రాతి కడ్డీలు పెట్టండి. నడిమి కడ్డీ తీసి పెట్టేలా ఉండాలి, వరద రోజు ఇసుక బస్తాలతో ట్రాక్టర్ రావలసి ఉంటుంది. తాళం చెవి నీరటి దగ్గర ఒకటి, పంచాయతీలో ఒకటి.

6. నీడ

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే జిల్లాల్లో నీడ లేని పార్కు మధ్యాహ్నం ఎవరికీ పనికిరాదు. కానుగ, వేప గట్టి నేలకు; నేరేడు, తెల్లమద్ది తడి తగిలే చోటుకు. తొలకరి పడగానే నాటి, మూడేళ్లు పశువులు తినకుండా కంచె వేసి కాపాడండి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అమ్మజూపేవాళ్లు ఇంకా ఉన్నారు. హరితహారంలోనే దాన్ని మానేశారు, మీరూ మానండి.

చెట్లు ఎదిగేలోపు తాటికమ్మల పందిరి వేయండి. నల్లగొండ జిల్లాలో తాటికి కరువు లేదు. రేకుల షెడ్డు కంటే చల్లగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. కమ్మలు ఏటా మార్చాలి, దగ్గర్లో పొయ్యి వెలిగించనివ్వకూడదు.

బెంచీని చెట్టుకు తూర్పున వేయండి, సాయంత్రపు నీడ అటే పడుతుంది. వేసే ముందు ఏప్రిల్‌లో ఒక రోజు నాలుగు గంటలకు ఆ చోట ఒక రాయి పెట్టి చూడండి. రాయి ఎండలో ఉంటే బెంచీ కూడా ఎండలోనే ఉంటుంది. గ్రానైటు బల్ల చూడటానికి దర్జాగా ఉంటుంది గానీ ఎండకు కాలితే చీకటి పడ్డాక కూడా కూర్చోనివ్వదు. ఇనుప జారుడు బల్లదీ అదే కథ, కాలేది పిల్లల తొడలు.

7. మరుగుదొడ్లు, తాగే నీళ్లు

డబ్బు ఒక్కదానికే సరిపోతే బెంచీలు మానేసి మరుగుదొడ్డి కట్టండి. మరుగుదొడ్డి లేని పార్కుకు ఆడవాళ్లు గంట సేపు కూడా రారు, వృద్ధులు అసలు రారు. బండ్లు ఆపే చోటికి దగ్గరగా, చెరువుకు దూరంగా, బావికీ బోరుకూ కనీసం యాభై అడుగుల ఎడంగా ఉండాలి. సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగిన నీళ్లు ఏ కాలువలో కలుస్తాయో కట్టకముందే చూడండి. జవాబు చెరువు అయితే చోటు మార్చండి. ఆడవాళ్ల తలుపు మగవాళ్ల వరసకు ఎదురుగా ఉండకూడదు.

తాగే నీళ్లకు బోరు వేయకండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాలు ఫ్లోరైడుతో ఎంత బాధపడ్డాయో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఉంటే ఆ నీళ్లు తాగకూడదు. కాచినా అది పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. భగీరథ నల్లా పెట్టించండి. అది అందని చోట ఎండాకాలంలో కుండలతో చలివేంద్రం నడపండి, నీళ్లు ఊరి ట్యాంకు నుంచి తెప్పించండి. ఉన్న బోరు నీళ్లు చెట్లకు వాడుకోండి, దాని మీద "తాగడానికి కాదు" అని పెద్దగా రాయించండి.

8. నీళ్లలోకి దిగే చోటు

బతుకమ్మ ఘాట్ అందరూ కోరుకుంటారు. సద్దుల నాడు చీకట్లో, రద్దీలో, తడి మెట్ల మీద ఆడవాళ్లు, పిల్లలు దిగుతారని గుర్తుపెట్టుకుని కట్టండి. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, వెడల్పు అడుగుకు తగ్గకూడదు. పట్టుకునే కమ్మీ నీళ్లు తగ్గినప్పుడు కనిపించే చివరి మెట్టు దాకా ఉండాలి. మెట్లకు నున్నటి పలకలు వద్దు, గరుకు రాయి వేయండి. పాచిని ఇసుకతో, గట్టి బ్రష్‌తో రుద్ది తీయించండి. బ్లీచింగ్ పోస్తే చేపల సంఘం వాళ్లు మీ ఇంటికి వస్తారు.

అసలు ప్రమాదం మెట్ల తర్వాత ఉంటుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి చాలా చెరువుల్లో పూడిక తీశారు. ఆ తర్వాత ఇటుక బట్టీలకు, వెంచర్లకు మట్టి తోలినవాళ్లు ఎక్కడ పడితే అక్కడ గుంతలు వదిలారు. చెరువు నిండాక మోకాలి లోతు, రెండు నిలువుల లోతు ఒకేలా కనిపిస్తాయి. మే నెలలో చెరువు అడుగంటినప్పుడు ఘాట్ ముందు నలభై అడుగుల మేర నడిచి చూడండి. గుంత ఉంటే పూడ్చండి, లేదా ఘాట్ చోటు మార్చండి. ఈత నిషేధం బోర్డు పెట్టి ఊరుకోవడం సరిపోదు: గాలి నింపిన ట్యూబులు రెండు, యాభై అడుగుల తాడు, పొడవాటి వెదురు బొంగు మెట్ల పక్కనే తగిలించి ఉండాలి. వాటికి తాళం వేయకండి. 112, 108 నంబర్లు గోడ మీద రాయించండి.

వినాయక నిమజ్జనానికి వేరే చోటు చూపించండి. విగ్రహాల ఇనుప చువ్వలు మెట్ల దగ్గర నీళ్లలో ఉండిపోతే బతుకమ్మ నాటికి కాళ్లకు గుచ్చుకుంటాయి.

9. చెత్త, కోతులు, సీసాలు

మూతలేని చెత్తడబ్బా పెడితే కోతులకు అన్నం పెట్టినట్టే. బరువైన మూత, కింద తలుపు ఉన్న డబ్బాలు గేటు దగ్గర మాత్రమే పెట్టండి. పార్కంతా పరిచిపెడితే తీసేవాడు ఉండడు. సీసాల బెడదకు పనిచేసే మందు ఒకటే, చీకటి పడేలోపు గేటు మూయడం. పొద్దున తెరవగానే కాపలాదారు చేసే మొదటి పని పిల్లల ఇసుకలో గాజు ముక్కలు వెతకడం.

10. వేళలు

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా; చీకటి ముందే పడే రోజుల్లో అంతకుముందే మూయండి. అలుగు పారే రోజు, తుపాను హెచ్చరిక ఉన్న రోజు మూసివేత. ఈ సంగతి గేటు మీద రాసి ఉండాలి, లేకపోతే ఆ రోజే అందరూ అలుగు చూడటానికి వచ్చి మీతో గొడవపడతారు.

ఎక్కువ మంది చేస్తున్న తప్పులు

ఊరి పేరుతో "ఐ లవ్" అక్షరాలు ముందు, మరుగుదొడ్డి తర్వాత. ఇది ఇప్పుడు అంటువ్యాధి. ఆ తర్వాతి స్థానం ఫౌంటెనుది. మోటారు కాలిపోయాక అది దోమల తొట్టి అవుతుంది. పార్కు కోసం శిఖంలో మట్టి పోసి జాగా పెంచుకోవడం మూడోది, ఇది నేరుగా చట్టవిరుద్ధం. పై నుంచి చెరువులోకి నీళ్లు తెచ్చే వాగును పార్కు గోడ కోసం ఇరుకు చేయడం ఇంకొకటి. రెండేళ్లకు "మా చెరువు ఎందుకు నిండటం లేదు" అని అడుగుతారు.

ఎత్తిపోతల కాలువల నీళ్లు చేరే చెరువులకు ఒక చిక్కు ఉంది. ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు), కల్వకుర్తి కాలువల కింద ఉన్నవి వానతో సంబంధం లేకుండా నిండవచ్చు. వాటి దగ్గర పార్కు పెడితే నీళ్లు వదిలే ముందు కబురు అందేలా కాలువ సిబ్బందితో మాట్లాడుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

తొలి పెద్ద వాన మరునాడు కట్ట వెనుక అడుగు వెంట నడవండి. తేటగా కొద్దిగా ఊట ఉంటే ఆ చోటు గుర్తుపెట్టుకుని వారం వారం చూడండి. బురదరంగు నీళ్లు వస్తుంటే ఆ గంటలోనే నీటిపారుదల శాఖకు ఫోను చేయండి, పార్కు మూసేయండి.

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఎన్ని బెంచీలు నీడలో ఉన్నాయో లెక్కపెట్టండి. సగం కంటే తక్కువైతే కొత్త బెంచీలు కొనకండి, ఉన్నవాటిని జరపండి.

ఆదివారం సాయంత్రం ఎవరు వస్తున్నారో చూడండి. కుర్రాళ్లే కనిపిస్తూ ఆడవాళ్లు, ముసలివాళ్లు కనిపించకపోతే మరుగుదొడ్డి, దీపాలు, కాపలాదారు, ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేయడం లేదు. చేపల సంఘం వాళ్లనూ అడగండి, వలల్లో ప్లాస్టిక్ ఎక్కువైందా అని. లోపల ఏం జరుగుతుందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

పడవ పెట్టుకోవచ్చా?

దాదాపు అందరూ చివర్లో అడిగేది ఇదే. ఏడాదిలో సగం రోజులు అడుగంటే చెరువులో వద్దు. నీళ్లు నిలకడగా ఉండే పెద్ద చెరువైతే, ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్, ఈత వచ్చిన సరంగు, రాతపూర్వక అనుమతి, ఈ మూడూ చేతికి వచ్చాక ఆలోచించండి. తెప్ప మీద తిప్పుతామని చేపలు పట్టేవాళ్లను బతిమాలకండి. తెప్ప వల వేయడానికి, నలుగురిని ఎక్కించడానికి కాదు.